పేగు మీద చిన్న తిత్తి, తల్లి మీద పెద్ద నింద

హెర్నియా ఆపరేషన్ అంటే ఇప్పుడు ఎవరూ అంతగా భయపడడం లేదు. ఎముక విరిగితే పక్కనే ఉన్న పుత్తూరు కట్టుకు పోయినట్టు, పేగు జారితే తిరుపతికి పోవడం మా వడమాలపేట వాళ్ళకు అలవాటే. పొద్దున బస్సెక్కి పోతారు, ఆపరేషన్ చేయించుకుంటారు, ఒకటి రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తారు. కానీ నూటికో కోటికో ఒకసారి, పొట్ట కోసిన తర్వాత డాక్టరుకు లోపల అనుకోనిది ఒకటి కనబడుతుంది. అప్పుడు థియేటర్ బయట కూర్చున్న ఇంటివాళ్ళ పరిస్థితి ఏమిటి? ముఖ్యంగా ఆ బిడ్డను కన్న తల్లి పరిస్థితి ఏమిటి? ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం.

మా మండలంలోనే నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. ఆమె కొడుక్కి మూడేళ్ళు. ఏడ్చినా, దగ్గినా, ముక్కినా కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు వచ్చేది. పడుకోబెడితే పోయేది. పరీక్ష చేసిన డాక్టరు ఇది హెర్నియా, దానంతట అది తగ్గదు, ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు. తీసుకుపోయారు. అరగంట గడిచాక డాక్టరు బయటికి వచ్చి, "హెర్నియా సంచిలో పేగుకు అంటుకుని ఇంకో చిన్న తిత్తి ఉంది. ఇది పుట్టుకతో వచ్చింది. వాచి ఉంది కాబట్టి తీసేయాలి. ఇంకో సంతకం పెట్టండి" అన్నారట.

ఆ తండ్రి వణుకుతూ సంతకం పెట్టినాడు. తిత్తి తీసేశారు. ఐదో రోజుకు పిల్లవాడు నవ్వుతూ ఇంటికి వచ్చేసినాడు. అంతటితో కథ అయిపోవాలి కదా? కాలేదు. డాక్టరు చెప్పిన అన్ని మాటల్లో ఇంటివాళ్ళకు ఒక్కటే మిగిలింది, "పుట్టుకతో" అన్న మాట. "కడుపుతో ఉండేప్పుడు ఏం తినిందో ఏమో" అని ఒకరు, "గ్రహణం నాడు కుదురుగా కూర్చోమంటే వినిందా?" అని ఇంకొకరు. ఇప్పుడు ఆ అమ్మాయి రెండో కానుపు అంటేనే వద్దంటోంది. బిడ్డ కడుపు మీద గాయం మానిపోయింది గానీ, తల్లి మనసు మీద గాయం మానలేదు.

నేను డాక్టర్ని కాను, ఇంటర్మీడియెట్ చదివిన ఇల్లాలిని. కానీ ఈ తిత్తి సంగతి వైద్యులు మూడు వందల ఏళ్ళకు పైగా రాస్తూనే ఉన్నారు. తెలుసుకుంటే మనకూ అర్థమయ్యేదే.

ఆ తిత్తి ఎక్కడిది?

మనం బొడ్డుతాడును "బొడ్డుపేగు" అంటాం. బిడ్డ తల్లి కడుపులో పడిన మొదటి వారాల్లో, బొడ్డు దగ్గర నిజంగానే పేగుకు సంబంధం ఉంటుంది. మాయ ఇంకా సరిగా తయారు కాని ఆ రోజుల్లో పిండానికి ఒక చిన్న సొన సంచి ఉంటుంది. ఆ సంచికీ, అప్పుడే తయారవుతున్న పేగుకూ మధ్య బొడ్డు గుండా ఒక సన్నని గొట్టం ఉంటుంది. రెండు నెలలు తిరిగే సరికి దాని పని అయిపోతుంది. అది ఎండి, మూసుకుపోయి, కనబడకుండా పోవాలి. మనలో నూటికి తొంభై ఎనిమిది మందికి అలాగే పోతుంది.

నూటికి ఇద్దరికి మాత్రం పేగు వైపు ఉన్న కొస కాస్త మిగిలిపోతుంది. చొక్కా కుట్టాక దర్జీ కత్తిరించకుండా వదిలేసిన దారం కొస లాంటిది అది. చిన్నపేగు పక్కన బొటనవేలంత తిత్తిలాగా ఉండిపోతుంది. దీన్నే డాక్టర్లు మెకెల్స్ డైవర్టిక్యులం అంటారు. వాళ్ళు దీన్ని రెండు అంకెతో గుర్తుపెట్టుకుంటారు. నూటికి సుమారు ఇద్దరిలో ఉంటుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటుకు సుమారు 2 అడుగుల ఎగువన ఉంటుంది. పొడవు సుమారు 2 అంగుళాలు. దానివల్ల బాధపడేవాళ్ళలో మగపిల్లలు ఆడపిల్లల కంటే రెండింతలు ఉంటారు.

నూటికి ఇద్దరంటే తక్కువేం కాదు. అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలకు వచ్చిన జనంలో ఒక వెయ్యి మందిని లెక్కబెడితే, ఇరవై మంది కడుపుల్లో ఆ తిత్తి ఉంటుందన్నమాట. వాళ్ళల్లో చాలామంది ఆ సంగతి తెలియకుండానే నూరేళ్ళూ హాయిగా బతికేస్తారు. కాబట్టి తిత్తి ఉండడం అంత అరుదు కాదు. అది జారి హెర్నియా సంచిలోకి వచ్చి చిక్కుకోవడం మాత్రం చాలా అరుదు.

హెర్నియా సంచి అంటే ఏమిటో కూడా ఒక మాట. మగబిడ్డ కడుపులో పెరిగేటప్పుడు వృషణాలు పొట్టలోనుంచి కిందికి దిగుతాయి. అవి దిగిన దారి పుట్టే వేళకో, పుట్టిన తర్వాతో మూసుకుపోవాలి. మూసుకోకపోతే ఆ దారిలో పేగు జారుతుంది. ఆడపిల్లల్లోనూ అలాంటి సన్నదారి ఉంటుంది, వాళ్ళకు పేగే కాదు, అండాశయం కూడా జారవచ్చు. అందుకే ఆడపిల్ల గజ్జలో గడ్డ కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

మూడు వందల ఏళ్ళ కిందటి మాట

హెర్నియా సంచిలో ఇలాంటి తిత్తి ఉండడం గురించి 1700లో పారిస్‌లో అలెక్సి లిట్రే అనే వైద్యుడు రాశారు. అందుకే ఈ రకం హెర్నియాకు ఈనాటికీ లిట్రే హెర్నియా అనే పేరుంది. అయితే ఆ తిత్తి ఎలా వచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. పేగు జారి, లాగబడి, అలా సాగిపోయి ఉంటుందనుకున్నారు. తర్వాత నూరేళ్ళు దాటాక, 1809లో జర్మనీకి చెందిన యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ అసలు సంగతి తేల్చారు. ఇది లాగడం వల్ల వచ్చింది కాదు, పిండంగా ఉన్నప్పటి గొట్టం పూర్తిగా మాయం కాక మిగిలిన ముక్క అని వివరించారు. తిత్తికి ఆయన పేరే స్థిరపడింది.

హెర్నియా సంచిలో ఏముంటుందో తెరిచేదాకా తెలియదనడానికి ఇంకో పాత సంగతి ఉంది. 1735లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏళ్ళ కుర్రవాడికి హెర్నియా ఆపరేషన్ చేశారు. సంచిలో చూస్తే అపెండిక్స్, దాన్ని పొడుచుకుని ఒక గుండుసూది! పిల్లవాడు ఎప్పుడో మింగేసి ఉంటాడు. ఆ అపెండిక్స్ తీసేశారు, పిల్లవాడు బతికాడు. అపెండిక్స్ తీసి నయం చేసినట్టు చరిత్రలో నమోదైన మొదటి ఆపరేషన్ అదే. మత్తుమందు కూడా లేని కాలం అది. ఆ పసివాడు ఎంత ఓర్చుకున్నాడో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

తల్లి తప్పు ఎక్కడుంది?

ఆ గొట్టం మూసుకుపోవాల్సింది మొదటి రెండు నెలల్లో. నెల తప్పిందని తెలిసి, పరీక్ష చేయించుకుని, అమ్మకు కబురు పెట్టే సరికే చాలామందికి ఆ రెండు నెలలూ దగ్గర పడతాయి. అంటే ఫలానాది తినకూడదని పెద్దవాళ్ళు చెప్పడం మొదలుపెట్టే నాటికి, లోపల ఈ పని దాదాపు అయిపోవస్తుంది.

బొప్పాయి తిన్నందువల్ల ఈ తిత్తి మిగలదు. నువ్వులు తిన్నందువల్ల మిగలదు. గ్రహణం నాడు కూరగాయలు తరిగినందువల్ల మిగలదు. బిందె మోసినందువల్లా కాదు, అత్తగారి మాట వినకపోయినందువల్లా కాదు. ఇది సాధారణంగా వంశంలో ఒకరి నుంచి ఒకరికి వచ్చేదీ కాదు. కాబట్టి "మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?" అని కోడలి తల్లిదండ్రులను నిలదీయాల్సిన పనీ లేదు. ఒక బిడ్డకు ఉందని రెండో బిడ్డకూ ఉంటుందని భయపడి కానుపు మానుకోవాల్సిన పని అంతకంటే లేదు.

పుట్టుకతో వచ్చింది అనే మాటకు డాక్టరు చెప్పే అర్థం ఒకటే, అది పుట్టే నాటికే ఉంది అని. ఎవరివల్ల వచ్చింది అనే ప్రశ్న ఆ మాటలో లేనే లేదు. ఆ ప్రశ్న మనమే చేరుస్తున్నాం.

అత్తగార్లకు, అమ్మలకు నాదొక విన్నపం. అలాంటి సమయంలో మీ నోటి మాట ఆ పిల్లకు మందూ కాగలదు, విషమూ కాగలదు. "బిడ్డకు ముందే కనిపెట్టారు, మంచిదే అయింది" అనండి. అదేమీ అబద్ధం కాదు. హెర్నియా కోసం పోకపోతే ఆ వాచిన తిత్తి లోపల కుళ్ళి, పగిలి, ప్రాణం మీదికి వచ్చి ఉండేది.

డాక్టరు బయటికి వచ్చినప్పుడు

ఆపరేషన్ మధ్యలో డాక్టరు వచ్చి ఇంకో సంతకం అడిగితే, ఏదో పొరపాటు చేసి దాస్తున్నారని అనుకోవద్దు. ముందు చెప్పనిది చేయాల్సి వస్తే ఇంటివాళ్ళకు చెప్పి చేయడం పద్ధతి. ఈ తిత్తి మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు కనబడదు కూడా. ఆ రెండు నిమిషాల్లో అడగాల్సినవి ఇవి:

కనబడింది ఏమిటి? అది వాచి ఉందా, మామూలుగా ఉందా? తిత్తి ఒక్కటే తీస్తారా, దానితో పాటు కొంచెం పేగు కూడా తీసి కుట్టాలా? హెర్నియా కూడా ఇప్పుడే బాగుచేస్తారా? బిడ్డ ఎన్ని రోజులు ఉండాలి?

తిత్తి వాచినా, నల్లబడినా, లోపల గట్టిగా తగిలినా తీసేస్తారు. ఏ బాధా పెట్టకుండా మామూలుగా కనబడితే తీయాలా వద్దా అనేది రోగి వయసు, తిత్తి తీరు చూసి సర్జన్ నిర్ణయిస్తారు. అందులో డాక్టర్ల మధ్యే రెండు అభిప్రాయాలున్నాయి. కాబట్టి పక్కింటి వాళ్ళకు తీశారు, మాకు తీయలేదే అని పోట్లాడకండి. తీయకుండా వదిలేస్తే మాత్రం ఆ సంగతి కాగితం మీద రాసి ఇమ్మనండి.

పెద్దవాళ్ళ హెర్నియాకు సాధారణంగా వల లాంటి మెష్ పెడతారు. పేగు తెరవాల్సి వస్తే చీము పట్టే భయం ఉంటుంది కాబట్టి మెష్ మానేసి దారంతోనే కుట్టవచ్చు. "మెష్ అని చెప్పి పెట్టలేదు" అని అనుమానించే ముందు కారణం అడగండి. అలాగే తీసిన ముక్కను పరీక్షకు పంపుతామంటే క్యాన్సరేమోనని గుండెలు బాదుకోవద్దు. ఈ తిత్తిలో కొందరికి జీర్ణాశయంలో ఉండే పొర ఉంటుంది, అది ఉందేమో చూడడానికే ముఖ్యంగా పంపుతారు. తీసిన ఏ ముక్కనైనా అలా పంపడం మంచి పద్ధతి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేరినవాళ్ళు, ఆపరేషన్ మారింది కాబట్టి కాగితాలు కూడా మార్చాలేమో ఆసుపత్రిలోని పథకం కౌంటర్ దగ్గర ఆ రోజే అడిగి తెలుసుకోవాలి.

"మోషన్ అవుతోంది కదా" అని ఊరుకోకండి

జారిన పేగు చిక్కుకుంటే ఉబ్బు గట్టిపడుతుంది, ముట్టుకుంటే నొప్పి, పడుకున్నా లోపలికి పోదు, పచ్చటి వాంతులు, కడుపు ఉబ్బరం, గ్యాస్ కూడా పోదు. పసిబిడ్డ అయితే ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తాడు. ఇది గంటల్లో పేగు చచ్చిపోయే సమస్య. తెల్లారనీ, శుక్రవారం పోనీ అనకుండా 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆముదం రాసి నొక్కడం, కాపడం పెట్టడం వద్దు. నోటికి ఏమీ ఇవ్వకూడదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. లిట్రే హెర్నియాలో చిక్కుకునేది తిత్తి ఒక్కటే, పేగు దారి తెరిచే ఉండవచ్చు. అందువల్ల వాంతులు లేకపోవచ్చు, మోషన్ కూడా మామూలుగా అవుతుండవచ్చు. లోపల మాత్రం తిత్తి కుళ్ళుతూ ఉంటుంది. కాబట్టి మోషన్ అవుతోందా లేదా అని చూస్తూ కూర్చోకండి. ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఈసారి పోకుండా నొప్పి పెడుతోందంటే అదొక్కటి చాలు, బయల్దేరాలి.

హెర్నియా లేకుండానే ఈ తిత్తి పిల్లలను బాధించే తీరు ఒకటుంది. అందులో జీర్ణాశయం పొర ఉంటే ఆమ్లం ఊరి, పక్కనున్న పేగు పుండుపడి, నొప్పి లేకుండానే ఎర్రగానో, ముదురు ఎరుపుగానో రక్తవిరేచనం అవుతుంది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాపించి ఊరుకోవద్దు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో, అంటే మాకు తిరుపతి స్విమ్స్, వేలూరు సి.ఎం.సి. లాంటి చోట్ల, ఆ పొరను కనిపెట్టే ప్రత్యేకమైన స్కానింగ్ చేస్తారు.

పసిపిల్లల బొడ్డు ఉబ్బు సంగతి వేరు. అది చాలామందికి నాలుగైదేళ్ళ లోపు దానంతట అదే తగ్గిపోతుంది. దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల లాభం లేదు, చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. గజ్జలో ఉబ్బు మాత్రం అలా తగ్గేది కాదు.

ఇక మన సంగతి. తొడ పైభాగాన, గజ్జ ముడతకు కాస్త కిందగా వచ్చే హెర్నియా మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. అది రేగిపండంతే ఉండవచ్చు గానీ చిక్కుకునే గుణం మాత్రం ఎక్కువ. లిట్రే హెర్నియా అక్కడా రావచ్చు. ఆ చోట గడ్డ ఉందని మొగుడికి చెప్పడానికే సిగ్గుపడే ఆడవాళ్ళున్నారు, ఇక డాక్టరుకు ఏం చూపిస్తారు? లేడీ డాక్టరు కావాలంటే అడగండి, అడగడం తప్పు కాదు. దాచుకోవడం మాత్రం వద్దమ్మా.

ఇంటికి వచ్చాక

పేగు కుట్టిన వాళ్ళకు మొదట కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో నోటికి ఏమీ ఇవ్వరు. బిడ్డ ఏడుస్తున్నాడని చాటుగా బిస్కెట్ పెట్టే అవ్వలున్నారు, జాగ్రత్త. డాక్టరు ఇవ్వమన్నాక నీళ్ళు, పలచటి బియ్యం జావ, రాగి జావ, పలచని మజ్జిగతో మొదలుపెట్టి, తర్వాత ఇడ్లీ, మెత్తటి అన్నంలో పెసరకట్టు, ఆపైన మామూలు తిండి. సంగటి, ఊరుబిండి కొన్నాళ్ళు ఆగవచ్చు.

పప్పు తింటే చీము పడుతుందనే మాట నమ్మకండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు వల్లే కదా అవి వచ్చేది! చప్పిడి మెతుకులు, కారప్పొడి పెట్టి పత్యం చేయిస్తే మానే గాయం కూడా మానదు. మలబద్ధకం కాకుండా నీళ్ళు, ఆకుకూర, అరటిపండు ఇవ్వాలి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పెద్దవాళ్ళు డాక్టరు చెప్పేదాకా నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం మూట ఎత్తకూడదు. ఆ కొన్ని వారాలు ఆ పని ఇంట్లో మగవాళ్ళు చేస్తే వాళ్ళ గౌరవం ఏమీ తగ్గిపోదు. జ్వరం, కడుపు ఉబ్బరం, వాంతులు, కుట్ల దగ్గర చీము కనబడితే తిరిగి చూపించాలి.

చివరిగా ఆ డిశ్చార్జి కాగితం. అందులో ఏ తిత్తి ఉండింది, తీశారా వదిలేశారా అన్నది రాసి ఉంటుంది. పిల్లవాడు పెద్దవాడై, ఎక్కడో బెంగుళూరులోనో చెన్నైలోనో కడుపునొప్పితో ఆసుపత్రికి పోయినప్పుడు అక్కడి డాక్టరు అడిగేది అదే. మచ్చ చూసి ఏ ఆపరేషన్ జరిగిందో చెప్పడం వాళ్ళకూ కష్టమే. ముక్క పరీక్ష రిపోర్టు కొన్ని రోజుల తర్వాత వస్తుంది. అది కూడా మరిచిపోకుండా తెచ్చుకుని, రెండూ కలిపి రేషన్ కార్డు, టీకాల కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచండి. ఆ కాగితం చదువుతూ "పుట్టుకతో" అన్న మాట దగ్గర ఎవరైనా ఆగి కోడలి ముఖంలోకి చూస్తే, మొదటి రెండు నెలల సంగతి మీరే వాళ్ళకు చెప్పండి.

వచ్చే వారం, ఎండలు ముదరక ముందే పెట్టుకోవాల్సిన వడియాల గురించి.